చక్రం కింది నిమ్మకాయలు

“టైటుదే పెట్టిన మేడం. లూజుది పెట్టలే. తప్పు నాదే. ఇంకెన్నిసార్లు అడుగుతరు?”

జగిత్యాల సబ్ జైలు ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అవతల నిలబడి దేవదాస్ విసుగ్గా అన్నాడు. ఇవతల స్టూలు మీద కూర్చున్న కల్పన అతని మొహం కాక చేతులు చూస్తోంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. చేతులు మాత్రం ఏమాత్రం వణకడం లేదు. తప్పు ఒప్పుకునే మనిషి చేతులు అంత నిలకడగా ఉండటం ఆమెకు నచ్చలేదు.

కల్పన బీమా కంపెనీలో పరిశోధన అధికారి. ఎవరు చేశారన్నది పోలీసులు అడుగుతారు. ఎలా జరిగిందన్నది ఆమె అడుగుతుంది. ఆమె ప్రశ్నకు జవాబు దొరికాక పోలీసులు తమ జవాబు మార్చుకోవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆమెను ఎవరూ ఇష్టంగా పిలవరు.

జరిగినదని అందరూ చెబుతున్నది ఇదీ. దసరా నాడు పొద్దున సిరిసిల్లలో మరమగ్గాల యజమాని భూమయ్య తన ట్రక్కుకు పూజ పెట్టుకున్నాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను నడుస్తోంది. కొబ్బరికాయ పట్టుకుని భూమయ్య బండి ముందు నిలబడ్డాడు. బండి దానంతట అదే ముందుకు కదిలి ఆయనను షెడ్డు గోడకు అదిమేసింది. ఆస్పత్రికి చేరేలోపే ఆయన పోయాడు.

ఆ ట్రక్కును తయారు చేసినవాడు దేవదాస్. షార్జాలో గ్యారేజీ పని చేసి, ఈ వేసవిలోనే కోరుట్లకు తిరిగి వచ్చాడు. వేలంలో కొన్న పాత ట్రక్కులో షార్జా పాత సామాన్ల బజారు నుంచి తెప్పించిన పెద్ద ఇంజను, ఆటోమేటిక్ గేరుపెట్టె, ఇంజను మీద సూపర్‌చార్జరు బిగించాడు. తెలంగాణ ర్యాలీల్లో అన్నిటికన్నా ముందు తన బండి నడవాలని భూమయ్య కోరిక.

టార్క్ కన్వర్టర్ ఎంపికలో మెకానిక్ పొరపాటు చేశాడని కంపెనీ సర్వేయర్ రిపోర్టు ఇచ్చాడు. దాన్ని పట్టుకుని పోలీసులు నిర్లక్ష్యం కేసు పెట్టారు.

“నాకు కన్వర్టర్ సంగతి తెల్వది దేవదాస్,” అంది కల్పన. “మొదటికెళ్లి చెప్పు. కోర్టుకు చెప్పినట్టు గాదు, పని నేర్చుకునేటోనికి చెప్పినట్టు చెప్పు.”

పని మాట వచ్చేసరికి దేవదాస్ ఊరుకోలేకపోయాడు.

“ఆటోమేటిక్ బండికి క్లచ్చు ఉండది. ఇంజనుకు గేరుపెట్టెకు నడుమ ఇనుప గుండు ఉంటది, గదే కన్వర్టర్, దాని నిండ నూనె. లోపల రెండు పంకలు ఎదురుబొదురు. ఇంజను ఒకదాన్ని తిప్పుతది. నూనె పోయి రెండో దాన్ని తిప్పుతది. గంతే.”

“టైటు, లూజు అంటే?”

“టైటుదైతే ఇంజను మెల్లగ తిరిగినా గుంజుతది. బ్రేకు మీదికెళ్లి కాలు తీస్తె సాలు, ఎక్సిలేటర్ ముట్టకున్నా బండి కదులుతది. లూజుదైతే ఇంజను గట్టిగ తిరిగితే గని పట్టుకోదు. కాలు తీసినా బండి ఉన్నకాడనే ఉంటది. తొక్కినవనుకో, ఒక్కసారే దుంకుతది. చూస్తె గూడ తెలుస్తది, టైటుది పెద్దగుంటది, లూజుది చిన్నగుంటది.”

“ఈ ట్రక్కుకు ఏది పెట్టాలె?”

“టైటుదే!” అతని గొంతు మారింది. “సూపర్‌చార్జరు ఉన్నది గద మేడం. బెల్టు మీద తిరుగుకుంట ఇంజనుకు గాలి కొడ్తది. కింది నుంచే బలం వస్తది. టర్బో బండికైతే అది లేసేదాక ఇంజను తిరగాలె, దానికి లూజు పెట్టినా ఓ అర్థమున్నది. దీనికేం అక్కెర? పైంగ గంత బరువు బండి. లూజుది పెడ్తె లోపల నూనె జారుడే జారుడు. కుంకుమ లెక్కుండే నూనె నాలుగు దినాలల్ల నల్లగ మాడిపోతది.”

“భూమయ్యకు గిదంత చెప్పినవా?”

“చెప్పిన. ఇనలే. షార్జా ఇసుక గుట్టల మీద బండ్లు దుంకే వీడియో ఎవలో చూపెట్టిండ్రు. టైర్లకెళ్లి పొగ రావాలె, జనం నోరు తెరవాలె అన్నడు. లూజుదే గావాలని పట్టుబట్టిండు. నేను రెండూ తెప్పించిన. ఆయినెకు చెప్పకుంట టైటుది పెట్టిన.” మళ్లీ పాత పాఠానికి వచ్చాడు. “గేరు వేసి ఉంచిన, గదే బండిని గుంజింది. హ్యాండుబ్రేకు ఆగలే. నేనే చూసుకోవాలె, చూసుకోలే.”

“అప్పుడు బండిల ఎవలున్నరు?”

“ఎవలు లేరు.”

ప్రశ్న పూర్తికాకముందే వచ్చిన జవాబు అది.

“నువ్వేడున్నవ్?”

“డోరు కాడ. కొబ్బరికాయ కొట్టంగనే ఎక్కి, నిమ్మకాయల మీదికెళ్లి పోనియ్యాలె గద.”

“నీ భార్య?”

“పుష్పనా?” ఇప్పుడు చేతులు కదిలాయి. జాలీని పట్టుకున్నాయి. “ఆమెకేం సంబంధం? ఆమె కోరుట్లల ఉండె.”

బయట గోడ నీడలో పుష్ప టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కల్పనను చూసి లేచింది.

“తిన్నడా మేడం?”

“తినలేదు. జామీను సంగతేమైంది?”

“ఎవలస్తరు? భూమయ్య పటేలోళ్ల మీదికి కోరుట్లల ఒక్కడు సంతకం పెట్టడు. వకీళ్లు గూడ సమ్మెలున్నరు. తెలంగాణ అచ్చినంక రమ్మంటున్నరు.” ఆమె నవ్వలేదు, కల్పనా నవ్వలేదు. “పెండ్లైన ఏడాదికే పోయిండు మేడం షార్జకు. రెండేండ్లకోపారి వచ్చుడు, మంచం మీద చద్దరు సల్లవడకముందే పోవుడు. గీసారి పోను అన్నడు. మీరు మంచిగ రాయుండ్రి. ఆయిన బయటికచ్చేటట్టు రాయుండ్రి.”

“జరిగింది జరిగినట్టు రాస్త.”

“గట్ల రాస్తె బయటికస్తడా?”

కల్పన స్కూటర్ స్టార్ట్ చేసింది.

*

బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మెడలో గులాబీ కండువా ఉన్న ఒకాయన గరిటెతో స్కూటర్‌ను ఆపాడు.

“అక్కా, సకల జనుల సమ్మె అంటే సకల జనుల్ల నువ్వు లేవా?”

“బీమా ఆఫీసుదాన్ని తమ్మీ. సచ్చినోల్ల పని మీద పోతున్న. వాల్లకు సమ్మె లేదు.”

“గట్లనా? అయితె కిచిడి తిని పో. సచ్చినోల్లు ఏడికి పోరు.”

విస్తరిలో పెట్టిందంతా తినేదాకా వదల్లేదు.

సిరిసిల్లలో భూమయ్య సాంచాలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఆగి ఉన్నాయి. ఇంటి వెనక గదిలో చాప మీద చంద్రవ్వ కూర్చుని ఉంది. భర్త పోయి వారం కాలేదు. ఏడుపు అయిపోయి కోపం మిగిలిన మొహం.

“అక్కా, రెండు మాటలు అడిగి పోత,” అంది కల్పన.

“అడుగు చెల్లె. అందరు అడిగిండ్రు. నువ్వొక్కదానివే ఆడిదానివి.”

“బండి కదిలే ముందట ఏమన్న సప్పుడు ఇనవడ్డదా?”

“కూసింది. గది చెప్తె ఎవలు రాసుకుంట లేరు. ఇమానం దిగుతున్నట్టు సన్నగ మొదలై చెవులు పగిలేటట్టు కూసింది. గప్పుడు దుంకింది.”

“ముందుగాల కూత, తర్వాత దుంకుడా? లేకుంటె దుంకినంక కూసిందా?”

“కూసినంకనే దుంకింది. నేను తల ఎత్తి చూసిన గద కూతకు.”

“బండి ఊకె నిలవడ్డప్పుడు కూస్తదా?”

“ఉహూ. తొక్కితేనే కూస్తది. గా కూత కోసమే ఆయినె పిచ్చోడైండు. సాంచాల మీద లేని పానం దాని మీద వెట్టిండు. ఆఖరుకు అదే తిన్నది.”

పూజ దగ్గర ఎవరెవరు ఉన్నారని కల్పన అడిగింది.

“నేను, ఆయినె, అయ్యగారు, మిస్త్రీ. మిస్త్రీ పెండ్లాం గూడ వచ్చింది. పని చేసిన మిస్త్రీ జంటకు బట్టలు పెట్టుడు మా ఇంట్ల మొదటిసంది ఉన్నది. చీర పెట్టిన. బొట్టు పెట్టబోతె, వద్దక్కా, మేం చర్చికి పోయెటోల్లం అన్నది. నేనేం మనసుల పెట్టుకోలే. పూజ కాడ నిలవడక పక్కకు పోయింది.”

కల్పన కలం ఆగింది. కోరుట్లలో ఉందన్న మనిషి.

“ఏ పక్కకు?”

“చూడలే. అందరి కండ్లు కొబ్బరికాయ మీదనే. ఆయినె నగుకుంట మిస్త్రీతోని ఏదో వీసా ముచ్చట చెప్తుండె. గంతే.” చంద్రవ్వ గోడవైపు తిరిగింది. “గంత మనిషి పోతే మల్ల మొఖం చూపియ్యలే ఆమె. నేను పెట్టిన చీర గూడ వాకిట్ల పారేసి పోయింది. చీర పారేసేటంత తప్పు నేనేం చేసిన చెల్లె?”

“బండిల ఎవలన్న కనవడ్డరా అక్కా?”

“ముందటి అద్దం నిండ బంతిపూల దండలు. పక్క అద్దాలకు నల్ల కాగితం. లోపల దేవుడు కూసున్నా కనవడడు.”

*

ట్రక్కు ఉన్న షెడ్డుకు తాళం వేసి ఉంది. దినాలు అయ్యేదాకా మనిషి పోయిన చోటు ఊడ్వకూడదని చంద్రవ్వ పట్టుబట్టి వేయించిన తాళం అది. పోలీసులు చేయని పని ఆమె మైల చేసిపెట్టింది. కల్పన తాళం తీయించి లోపలికి పోయింది.

ట్రక్కు ముక్కు గోడలో దిగి ఉంది. వాడిన దండలు అద్దం మీద వేలాడుతున్నాయి. ఆమె ముందు బండిని చూడలేదు. వంగి నేలను చూసింది.

ముందు చక్రాలు మొదట ఆగి ఉన్న చోట రెండు నిమ్మకాయలు పెట్టిన చోటే అణిగి, అప్పచ్చిలా ఎండిపోయి ఉన్నాయి. వెనక చక్రాల చోట నిమ్మకాయలు లేవు. సిమెంటు మీద రెండు నల్లటి రబ్బరు గీతలు ఉన్నాయి. ఆమె బండి ముందువైపు వెతికింది. ఏమీ లేదు. వెనక్కి నడిచింది. చక్రాలకు చాలా వెనక, మూసి ఉన్న రేకు గేటు మీద మోకాలి ఎత్తున నిమ్మతొక్క ముక్కలు అంటుకుని ఎండిపోయాయి. గింజలు కూడా.

“పనికిరాని చోట వెతుకుడు నీకు మొదటిసంది అలవాటే.”

తలుపు దగ్గర దివాకర్ నిలబడి ఉన్నాడు. కంపెనీ సర్వేయర్, ఇంజనీరు, రిపోర్టు రాసినవాడు. ఒకప్పుడు కల్పన భర్త. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం మానేసి చాలా ఏళ్లయింది. ఒకే ఫైలు మీద సంతకాలు పెట్టడం మాత్రం తప్పలేదు.

“సర్వేయర్ సార్ రిపోర్టు చదివినంక నేలనే నయమనిపించింది,” అంది ఆమె లేవకుండానే. “గీ నల్ల గీతలకు ఏం రాసిండ్రు మీరు?”

“బ్రేకు గీతలు. బండి కదిలినంక మెకానిక్ ఎక్కి బ్రేకు తొక్కిండు. టైర్లు రాసుకున్నయి.”

“బ్రేకు తొక్కితె ఆగిన చక్రం నిమ్మకాయను ముందుకు తోస్తది. ఇది ఎన్కకు పోయింది. గేటు మీద అంటుకున్నది. చక్రం ఉన్నకాడనే గిర్రున తిరిగితేనే గట్ల ఎన్కకు కొడ్తది.”

దివాకర్ గేటు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అతనికి పని తెలుసు. తెలిసి కూడా వంగి చూడకుండా రాసినందుకే ఆమెకు కోపం.

“సల్ల ఇంజను,” అన్నాడు చివరికి. “స్టార్ట్ చేసిన కొత్తల దానంతటదే జర ఎక్కువ తిరుగుతది. కన్వర్టర్ టైటుది. గుంజింది.”

“గుంజితె మెల్లగ ఎక్కి పోవాలె. టైర్లకెళ్లి పొగ లేవదు. సూపర్‌చార్జరు గట్ల కూత పెట్టదు. చంద్రవ్వ కూత ముందు ఇన్నది, దుంకుడు తర్వాత చూసింది. మీకు గూడ చెప్పిందట. రాయలే.”

“మొగడు పోయినామె మాట.”

“అంటే సాక్ష్యం గాదా?”

“కల్పనా, నువ్వు నన్ను తప్పు పడుతున్నవా, బండిని చూస్తున్నవా? గది ముందు తేల్చుకో. మన ఇంట్ల గూడ నీకు గీ రెండింటికి తేడా తెల్వలే.”

“మన ఇంట్ల గూడ మీరు విప్పి చూడకుండనే సంతకం పెట్టిండ్రు.”

ఆమె ట్రక్కు కిందికి పాకింది. గుద్దుకున్నప్పుడు గేరుపెట్టె నూనె పైపు తెగి కింద మడుగు కట్టింది. ఆమె వేలు ముంచి వెలుగులోకి తెచ్చి చూసింది. కుంకుమ రంగు కాదు. బూడిద కలిసిన నలుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన.

లూజుది పెడితేనే నూనె మాడుతుందని చెప్పినవాడు దేవదాసే. తన అబద్ధాన్ని పట్టుకునే దారి తన నోటితోనే చెప్పాడు. పని మాట వస్తే ఆగలేని మనిషి.

ఆమె వేలు దివాకర్ చొక్కా ముందు పెట్టింది. “గిది టైటు కన్వర్టర్ నూనేనా సార్?”

దివాకర్ ఆ వేలు వంక చాలాసేపు చూశాడు. “మెకానిక్ టైటుదే పెట్టిన అని తానే రాసిచ్చిండు. తన మీదికి తెచ్చుకునే అబద్ధం ఎవలు ఆడుతరు?”

“విప్పి చూసిండ్రా?”

“సమ్మెల గేరుపెట్టె విప్పేటోడు ఏడ దొరుకుతడు?”

“గేరుపెట్టె విప్పే పనిలేదు. కింద రేకు తీస్తె పెద్దదో చిన్నదో కనవడ్తది. సాంచాలు బాగుజేసేటోల్లు బయట ఊకెనే కూసున్నరు. పిలువుండ్రి. లేకుంటె సర్వేయర్ విప్పకుండనే రాసిండని పైకి నేను రాస్త.”

“విప్పుత,” అన్నాడు దివాకర్, మొహం ఎర్రబడి. “టైటుది ఉన్నదనుకో, నువ్వు గీ కేసు వదిలెయ్యాలె. ఉద్యోగం గూడ వదిలేస్తె ఇంక మంచిది.”

“లూజుది ఉంటే?”

“ఉంటే ఎవలో తొక్కిండ్రు. గప్పుడు గిది నీ పని గాదు, నా పని గాదు. పోలీసోల్ల పని.”

ఆ మాట ఆమె సరిగా వినలేదు. గెలిచానన్న వేడిలో ఉంది. విని ఉంటే అక్కడే ఆపేదేమో.

*

కోరుట్ల చేరేసరికి ఇళ్లలో దీపాలు పెట్టే వేళ. కరెంటు లేదు. పుష్ప వాకిట్లో కందిలి తుడుస్తోంది. ఇంటి పక్కనే దేవదాస్ రేకుల షెడ్డు.

“షెడ్డు చూడాలె పుష్పా.”

పుష్ప కందిలి వెలిగించి ముందు నడిచింది. గోడకు పానాలు వరుసగా తగిలించి ఉన్నాయి. మూలన బల్ల మీద గోనెసంచి కప్పిన గుండ్రటి వస్తువు. కల్పన సంచి తీసింది. పెద్ద ఇనుప గుండు. చుట్టిన మైనం కాగితం ఇంకా విప్పలేదు.

టైటుది. ఇక్కడే ఉంది. ట్రక్కులో ఎప్పుడూ ఎక్కలేదు.

“గిది ఎందుకు వెట్టలే ఆయిన?”

“పటేలు వద్దన్నడట. చిన్నదే వెట్టమన్నడట. రెండు దినాలు అన్నం తినలే ఆయిన, పని ఖరాబు చేపిస్తున్నడని.” పుష్ప ఆపకుండా చెప్పి, అప్పుడు ఆగింది. ఏం చెప్పానో అర్థం కానట్టు కల్పన వైపు చూసింది.

భర్త జైల్లో ఏం చెబుతున్నాడో ఆమెకు తెలియదు. అతను చెప్పలేదు.

కల్పన బల్ల పక్కన ఉన్న డబ్బా మీద కూర్చుంది. “చంద్రవ్వక్క పెట్టిన చీర ఎందుకు పారేసి వచ్చినవ్?”

పుష్ప కందిలిని ఇంకో చేతికి మార్చుకుంది.

“బొట్టు వద్దని పక్కకు పోయినవ్. ఎండ. బండిల కూసున్నవ్. డ్రైవర్ సీట్లనేనా?”

“ఆయిననే కూసోవెట్టిండు,” అంది పుష్ప మెల్లగా. “హ్యాండుబ్రేకు వైరు ఇంక బిగియ్యలే, బ్రేకు మీద కాలు వెట్టి కూసో, నేనొచ్చి దించుత అన్నడు. నాకు బండి నడుపుడు నేర్పిండు మేడం, రెండు నెలలు చెరువు కాడ. గేర్లు లేని బండి, రెండే పెడల్లు, నీకు గూడ వస్తది అని. నాకు ఎవలన్న ఏమన్న నేర్పుడు గదే మొదలు.”

“తర్వాత?”

“దండల సందుల కెళ్లి ముందట పటేలు, జర పక్కకు ఆయిన కనవడ్డరు. పటేలు నగుకుంట అన్నడు, మిస్త్రీ, నేను చెప్పిచ్చిన నీ షార్జా వీసా వచ్చింది, పండుగ పోంగనే ఎక్కుడే ఇమానం, గీసారి ఐదేండ్లు అని. ఆయిన ఊ అన్నడు. నాకు చెప్పలే మేడం. ముందే తెలుసు ఆయినకు. చెరువు కాడ బండి నేర్పుకుంట గూడ తెలుసు.”

గదిలో మైనం వాసన, కిరోసిన్ వాసన. కల్పన అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలింది. టైటు కన్వర్టర్ ఉన్న బండి అయితే ఆ ప్రశ్నే ఉండదు. కాలు బ్రేకు మీది నుంచి జారింది, బండి కదిలింది, అంతే. లూజు కన్వర్టర్ బండిలో కాలు జారితే బండి కదలదు. దేవదాస్ ఎందుకు అబద్ధం ఆడాడో ఆమెకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. తన భార్య బండిలో ఉందని రేపు ఎవరు కనిపెట్టినా, కాలు జారిందని చెప్పుకునే దారి ఒకటి ఉంచాడు. ఆ దారిని సిరిసిల్లలో కల్పనే మూయించి వచ్చింది.

“కాలు తీసినవా పుష్పా, తొక్కినవా?”

పుష్ప కందిలి బల్ల మీద పెట్టింది.

“ఆయినను తీస్కపోతున్నడనిపించింది. ఆపాలె అనిపించింది. ఏం చేసిననో గప్పుడు తెల్వది మేడం. ఇప్పుడు తెలుసు.” కందిలి వత్తి తగ్గించి అంది, “తొక్కిన.”

“బండి ఆగినంక?”

“ఆయిన ఎవలకు కనవడకుంట ఎడమ దిక్కు డోరు తెరిచి నన్ను గుంజిండు. సాంచాల ఎన్కకెళ్లి ఉరుకు, నువ్వు ఇక్కడికి రానే లేదు, ఎవలడిగినా గదే చెప్పు అన్నడు. గంతే. మల్ల జాలీల చూసిన ఆయిన మొఖం.”

కల్పన ఫోన్ తీసి దివాకర్ నంబరు నొక్కబోయింది. విప్పవద్దని చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి. అంతలో ఫోనే మోగింది. అతనే.

“నువ్వే గెలిచినవ్ కల్పనా.” గొంతులో వెక్కిరింత లేదు, అలసట ఉంది. “రేకు తీసిన. చిన్నదే ఉన్నది, లూజుది. ఒప్పుకుంటున్న. పొరపాటు నాది.”

“ఎవలకన్న చెప్పిండ్రా?”

“నువ్వే గద పైకి రాస్త అన్నవ్. నేనే ముందు చెప్పిన. పోలీసోల్లు అప్పుడే జైలుకు పోయి అడిగిండ్రు. బండిల కన్వర్టర్ లూజుది, ఎవలో తొక్కిండ్రు, ఎవలు అని.”

“ఏమన్నడు?”

“ఎక్కువసేపు పట్టలేదట. నేనే ఎక్కిన, నేనే తొక్కిన, చంపుదామనే తొక్కిన అన్నడట. నిర్లక్ష్యం కేసైతే రెండేండ్లకు మించకపోవు. ఇగ హత్య కిందికి మారుస్తున్నరు. నువ్వు లేకపోతే నా రిపోర్టే పాసయ్యేది. అరే, మెచ్చుకుంటున్న. ఏమంటలేవేంది?”

కల్పన ఫోన్ కట్ చేసింది. కరెంటు లేని గదిలో ఆ మాటలన్నీ పుష్పకు వినబడ్డాయి.

పుష్ప ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, గోనెసంచి తీసి ఆ ఇనుప గుండు మీద జాగ్రత్తగా కప్పింది. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంది.

“నేనొచ్చి చెప్త మేడం. ఇప్పుడే పోదాం. నేనే తొక్కిన అని చెప్త.”

“చెప్తె ఆయనను వదులరు పుష్పా. బండి చేసింది ఆయన, నిన్ను కూసోవెట్టింది ఆయన, నిన్ను ఉరకమన్నది ఆయన. మొగడు పెండ్లాం ఇద్దరు కలిసి చంపిండ్రంటరు. ఇద్దరి మీద రాస్తరు.”

పుష్ప గుమ్మంలోనే నిలబడి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చీకట్లో ఆమె మొహం సరిగా కనబడలేదు. గొంతు మాత్రం ఆ రోజంతా లేనంత తేలికగా వినబడింది.

“ఇద్దర్ని పడేస్తె, ఒక్క జైల్లనే ఉంచుతరా మేడం?”

ఉంచుతారని చెప్పాలని కల్పనకు చాలా అనిపించింది.

“లేదు,” అంది. “ఆడోల్ల జైలు హైదరాబాదుల.”

పుష్ప తల ఊపింది. షెడ్డుకు తాళం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి, వెళ్లి స్కూటర్ వెనక సీటు మీద కూర్చుంది.

“నడువుండ్రి,” అంది.